ఇడ్లీ ప్లేట్లు తొడుక్కున్న కుర్చీ

నేను ఒక కుర్చీని. ఆగండి, ఆగండి! అప్పుడే మీ కళ్ల ముందు నాలుగు కర్ర కాళ్లు, ఒక వీపు, దాని మీద ఆరేసిన తువ్వాలు కనిపించేసి ఉంటాయి. నేను ఆ జాతి కాదు. నన్ను మడిస్తే మోచేతి పొడవు సంచిలో ఇమిడిపోతాను. ఆ సంచి చంకలో పెట్టుకుని బస్సెక్కినా కండక్టరు పట్టించుకోడు. బరువంటారా, ఓ మోస్తరు పుచ్చకాయ నాకంటే ఎక్కువ తూగుతుంది. అయినా ఎంత లావు మనిషి కూర్చున్నా కిక్కురుమనను. పిట్ట కొంచెం కూత ఘనం అని పెద్దవాళ్లు అన్నది నా గురించే అయి ఉండాలి, నన్ను చూడకుండా అన్నారు, అంతే.

నా ఎముకలు అల్యూమినియం గొట్టాలు. వాటి లోపల నరంలా ఒక సాగే తాడు. సంచిలోంచి తీసి ఒక్క విదిలింపు విదిలిస్తే చాలు, టక్ టక్ టక్ మంటూ గొట్టాలు తమంతట తామే ఒకదాంట్లో ఒకటి దూరి నిలబడతాయి. నాలుగు మూలల్లో నీలం గుడ్డ తగిలిస్తే కుర్చీ తయారు. ఆ టక్ టక్ చప్పుడంటే నాకు ప్రాణం. అది వినపడిందంటే ఎక్కడికో వెళ్తున్నామని, ఆకాశం కింద కూర్చోబోతున్నామని అర్థం. ఇప్పటికీ ఆ చప్పుడుకి నా గుడ్డ బిగుసుకుంటుంది.

ఇక నాలో లోపం ఒకటి ఉంది. దాచినా దాగేది కాదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. నా పాదాలు సన్నం. బండ మీద పెట్టండి, దర్జాగా నిలబడతాను. మెత్తటి నేల మీద పెట్టారా, నాలుగు కాళ్లూ నాలుగు గునపాల్లా లోపలికి దిగిపోతాయి. నన్ను చేసినవాళ్లకి కొండలు, బండలు తెలుసు. పులికాట్ సరస్సు బురద తెలియదు.

నన్ను చేసిన చోటు ఒక పెద్ద రేకుల షెడ్డు. గొట్టాలు కోసే యంత్రం ఒక మూల కీచుమంటుంటే, మరో మూల ఆడవాళ్లు వరసగా కూర్చుని నా గుడ్డకు మూలలు కుట్టేవారు. నా మూలలు కుట్టినామె పక్కామెతో కూతురి స్కూలు గురించి మాట్లాడుతూనే ఒకటికి రెండుసార్లు కుట్టు వేసింది. ఆ కుట్టు ఈ రోజుకీ చెక్కుచెదరలేదు. తర్వాత నా మీద ఇసుక మూటలు ఎత్తి కుదేశారు. లేపారు, మళ్లీ కుదేశారు. మీకు బడి ఎలాగో నాకు ఆ మూటలు అలాగ. పాసైపోయి, ఎగురుకుంటూ హైదరాబాద్ దుకాణం చేరుకున్నాను.

నన్ను మొదట కొన్నవాడు సుహాస్ అనే కంప్యూటర్ ఉద్యోగి. ఆ రోజు అతని ఉత్సాహం చూడాలి! నాతోపాటు ఒక గుడారం, తలకు కట్టుకునే లైటు, మడిచే గరిటె కూడా కొన్నాడు. అడవులన్నీ నావే అనుకుని సంబరపడ్డాను. తీరా చూస్తే నన్ను వేసింది ఆరో అంతస్తు బాల్కనీలో. అక్కడ నా మీద కూర్చుని, వేరేవాళ్లు కొండల్లో గుడారాలు వేసుకునే వీడియోలు ఫోన్లో చూసేవాడు. మనుషులు బయటికి వెళ్లడానికి వస్తువులు కొంటారు. కొన్నాక, వెళ్లినంత తృప్తిగా ఇంట్లోనే ఉండిపోతారు. దీన్ని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

చివరికి ఒక చలికాలం స్నేహితులు లాగితే కదిలాడు. సూళ్లూరుపేట దగ్గర పులికాట్‌కి రాజహంసలు వచ్చాయట, చూడ్డానికి ప్రయాణం. అబ్బ, ఏం చోటండీ అది! ఒక్క చెట్టు అడ్డం లేని ఆకాశం, కనుచూపు మేరా చదును నేల, దూరాన నీళ్లలో గులాబీ రంగు గీతలా పక్షులు. టక్ టక్ మని నేను విచ్చుకున్నాను. సుహాస్ కాఫీ కప్పుతో నా మీద వాలి, ఫొటో తీయమని కాలు మీద కాలు వేసుకున్నాడు. అంతే! నా వెనక కాళ్లు మెల్లగా, మహా మర్యాదగా, బురదలోకి దిగిపోయాయి. సుహాస్ కాఫీ కప్పు వదలకుండానే వెల్లకిలా పడ్డాడు. ఫొటో మాత్రం బాగా వచ్చింది. స్నేహితులు పడీ పడీ నవ్వుతుంటే అతను లేచి నన్ను ఒక్క తన్ను తన్ని, "చెత్త కుర్చీ" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, నేల చూసి కూర్చోవడం చేతకాక నన్నంటాడా! తిరిగి వెళ్తూ బస్టాండు దగ్గర టీ కొట్టు వెనక నన్ను విసిరేసి పోయాడు.

ఆ టీ కొట్టు పక్కనే గొడుగులు బాగుచేసే మునిరత్నం కూర్చుంటాడు. నెత్తిన తెల్ల జుట్టు, చెవి సందున సూది, ఒళ్లో ఎప్పుడూ ఒక విరిగిన గొడుగు. నన్ను చూసి దగ్గరికి తీసుకున్నాడు. గొట్టం లాగాడు, వదిలాడు. టక్! మళ్లీ లాగాడు, వదిలాడు. టక్! ముఖమంతా వెలిగిపోయింది.

"అబ్బబ్బా! దీన్ని చేసినోడు మామూలోడు కాదబ్బా! గొడుక్కి అన్న లాగుండాదే ఇది!" అన్నాడు.

నా పనితనాన్ని గుర్తించిన మొదటి మనిషి. అప్పుడే ఈయన కోసం ప్రాణమైనా ఇద్దామనుకున్నాను. ఆయన నన్ను సైకిలుకు కట్టుకుని ఇంటికి తీసుకెళ్లాడు.

ఇంట్లో ఆయన భార్య చెంగమ్మ ఉంది. ఆమె శ్రీహరికోటలో క్యాంటీన్‌లో వంట చేసి రిటైరైన మనిషి. ఒక జీవితకాలం పొయ్యి ముందు నిలబడి వడలు వేసి వేసి మోకాళ్లు అరిగిపోయాయి. ఆమె వేసిన వడలు తిని ఎందరెందరో ఆకాశంలోకి రాకెట్లు పంపారు. ఆమె మాత్రం ఒక్క రాకెట్టు కూడా కళ్లారా చూడలేదు. అవునండీ, ఒక్కటి కూడా! నిప్పులు చిమ్ముతూ పైకి లేచేదాన్ని సూళ్లూరుపేటలో పాలవాడి దగ్గర్నుంచి పంతులుగారి దాకా మేడలెక్కి చూస్తారు. చెంగమ్మకి తెలిసింది చప్పుడొక్కటే. క్యాంటీన్ బల్ల మీద గ్లాసులు గలగలమని మోగితే రాకెట్టు పైకి పోయిందన్నమాట. రిటైరయ్యాక కూడా అంతే. రాకెట్టు రోజున తలుపేసుకుని వంటింట్లో కూర్చునేది.

ఎందుకని అడిగితే "నిలబడలేనమ్మా, మోకాళ్లు" అనేది. అసలు సంగతి అది కాదు. చాలా ఏళ్ల కిందట, ఒక రాకెట్టు రోజున, ఉండబట్టలేక బాణలి వదిలి బయటికొచ్చింది. చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని ఇలా తలెత్తిందో లేదో, అంకెలు తగ్గిస్తూ చదివే లెక్క ఆపేశామని మైకులో చెప్పారు. పక్కనున్న కస్తూరమ్మ, తనతోపాటు వంట చేసే ఆవిడే, పకాలున నవ్వి, "నీ కన్ను పడిందే చెంగమ్మా, లోపలికి పో!" అంది. చెంగమ్మ లోపలికి పోయింది. కాసేపటికి లెక్క మళ్లీ మొదలైంది, రాకెట్టు చక్కగా ఎగిరింది, గ్లాసులు గలగలమన్నాయి. ఇక చెప్పేదేముంది? తన కన్ను మంచిది కాదని ఆమెకు రుజువైపోయింది. ఆ మాట కడుపులో పెట్టుకుని, ఊరంతా చూసే వేడుకకి తానొక్కతే తలుపేసుకుంది.

ఇది మొగుడికి తెలుసు. తెలిసీ ఏం చేయలేకపోయాడు. దిష్టి తీశాడు, దేవుడికి మొక్కాడు, తిట్టాడు, బతిమాలాడు. ఊహూ. ఇప్పుడు నన్ను ముందు పెట్టుకుని చివరి ప్రయత్నం మొదలుపెట్టాడు.

"మే, నిలబడలేనన్నావు గదా. ఇదిగో కుర్చీ. వచ్చే రాకెట్టుకి పులికాట్ చెరువు కాడికి పోతుండాం."

"నా మోకాళ్లకన్నా కిందుండాది. దీంట్లో కూర్చుంటే నన్ను లేపేదానికి నలుగురు రావాల," అంది చెంగమ్మ.

మాట నిజమే. నేను పొట్టిదాన్ని, ఒప్పుకుంటున్నాను. కూర్చోబెట్టి చూశాడు. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. చేతులు పట్టి లాగితే ఇద్దరూ కలిసి గోడకి తగిలారు. ఇంకొకరైతే నన్ను అటక మీద పడేసేవారు. మునిరత్నం ప్లాస్టిక్ నీళ్ల గొట్టం ముక్కలు కోసుకొచ్చి, వేడిచేసి, నా కాళ్లకి తొడిగాడు. ఒక్క దెబ్బతో నేను పొడుగుదాన్నయ్యాను! లేచేటప్పుడు పట్టుకోవడానికి పక్కన ఒక పాత గొడుగు పిడి, ఆ వంపు తిరిగిన చెక్క పిడి, తాళ్లతో బిగించాడు. వెనక జేబు కుట్టాడు, నీళ్ల సీసాకి. చేసినవాడి లెక్క ప్రకారం నేను పూర్తయిన వస్తువునే. వాడేవాడి చేతిలో పడితే గానీ ఏ వస్తువూ పూర్తి కాదని అప్పుడు తెలిసింది.

ఇక నా పాదాల బాధ. చెరువు గట్టుకు తీసుకెళ్లి తానే కూర్చుని చూశాడు. దిగబడ్డాను. రబ్బరు బంతులు కోసి తొడిగాడు. బంతులతో సహా దిగబడ్డాను. డబ్బా మూతలు కట్టాడు. మూతలు వంకర తిరిగి ఊడిపోయాయి. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. ఆయన మాత్రం బురద కాళ్లతో ఇంటికొచ్చి, వంటింట్లో గోడకి చతికిలబడి, ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు. ఎదురుగా అరలో చెంగమ్మ ఇడ్లీ స్టాండు ఉంది. నాలుగు స్టీలు ప్లేట్లు. ప్రతి ప్లేటుకీ నాలుగు గుంటలు, చిల్లుల్లేని పాతకాలపువి. ప్రతి ప్లేటుకీ నడిమధ్యన, కడ్డీ దూరేందుకు, ఒక బెజ్జం. ఆయన ఆ బెజ్జం చూశాడు. నా కాలు చూశాడు. మళ్లీ బెజ్జం చూశాడు. నాకు గుండె ఉంటే అప్పుడు ఆగిపోయి ఉండేది.

మొత్తానికి చెంగమ్మ ఒప్పుకుంది, ఒక షరతు మీద.

"నేను రాకెట్టు చూడను. గాలికి కూర్చుంటా, కొంగల్ని చూస్తా. లెక్క అయిపోకముందే కుర్చీని ఊరి తట్టు తిప్పేయాల. చప్పుడు విని వచ్చేద్దాం. చెంగాళమ్మ మీద ఒట్టేసి చెప్పు."

"చెంగాళమ్మ సాక్షిగా తిప్పేస్తా," అన్నాడు మునిరత్నం. ఊరి దేవత మీద ఒట్టు వేశాక ఆ ఊళ్లో ఎవరూ తప్పరు. ఈయనా తప్పే మనిషి కాదు. ఆయన ఆశల్లా, కనీసం తలుపు బయటికి వస్తుంది కదా అని.

రాకెట్టు రోజు పొద్దున్నే ఇంట్లో రచ్చ. పిండి పొంగి కూర్చుంది, ఇడ్లీ ప్లేట్లు లేవు!

"ఏమయ్యా, స్టాండు కడ్డీ ఉండాది, ప్లేట్లు లేవు! దొంగోడు ప్లేట్లొక్కటే ఎత్తుకుపోతాడా?"

మునిరత్నం పేపరు తలకిందులుగా పట్టుకుని చదువుతున్నాడు. ఆ పూట ఉప్మాతో గడిచింది. నేను సంచిలో ఊపిరి బిగబట్టుకున్నాను, ప్లేట్లు నా పక్కనే ఉన్నాయి మరి.

మధ్యాహ్నం ఎండ తగ్గాక చెరువు గట్టుకు చేరాం. జనమా అది! ఆటోలు, బళ్లు, పిల్లల్ని భుజాలకెత్తుకున్న తండ్రులు, ఉడకబెట్టిన వేరుశనక్కాయల వాసన. ముందంతా నీళ్లు తగ్గిన చదును బురద. దానికి అవతల నీళ్లు. ఇంకా అవతల శ్రీహరికోట సరుగుడు తోపులు, పచ్చటి గీతలా. మునిరత్నం మంచి చోటు చూసి నన్ను విదిలించాడు. టక్ టక్ టక్! చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. కాళ్లకు నీళ్ల గొట్టాలు తొడిగాడు, గొడుగు పిడి బిగించాడు. తర్వాత ప్లేట్లు ఒక్కొక్కటే తీసి, బోర్లించి కాళ్లకు తొడిగి, జారకుండా పైనా కిందా రబ్బరు బుష్‌లు నొక్కాడు.

చెంగమ్మ చూసింది.

"నా ఇడ్లీ ప్లేట్లు! పాపిష్టోడా, నా పుట్టింటోళ్లిచ్చిన ప్లేట్లు బురదలో పెడతావా!"

"కడుక్కుంటే పోతుంది మే! చూడు, ఎంత అందంగా నిలబడుండాదో!"

"నీ అందం తగలెయ్య!" అంటూ ఆమె కోపం కొద్దీ నా మీద ధభీమని కూలబడింది.

ఆ కూలబడటమే, చూడండి, అసలు పని చేసింది. ప్లేట్ల గుంటలు పదహారూ బురదను గట్టిగా కరుచుకున్నాయి. నేను దిగబడలేదు! ఒక్క అంగుళం దిగి, బిర్రబిగుసుకుని నిలబడ్డాను. అందరూ నేల మీద తువ్వాళ్లు పరుచుకుని కూర్చుంటే మా చెంగమ్మ వాళ్లందరి తలల పైన, పెళ్లిపెద్దలా కూర్చుంది. నాకు ఆకాశం అందినంత పనైంది. గాలి వీస్తోంది, నీళ్ల మీద రాజహంసలు ఉన్నాయి, కోపంగానే అయినా ఆమె వాటికేసి చూస్తోంది. అంతలో జనంలోంచి కస్తూరమ్మ ఊడిపడింది, ఆమే, క్యాంటీన్ కస్తూరమ్మ. జుట్టు నెరిసింది గానీ ఆ నవ్వు అదే.

"ఓయమ్మా, చెంగమ్మేనా! ఇంత ఎత్తున కూర్చునుండావేందే!" అంటూ పక్కన చేరి శనక్కాయల పొట్లం విప్పింది. చెంగమ్మ శనక్కాయలు తీసుకుంది గానీ ఆమె ముఖంలోకి చూడలేదు.

చుట్టూ అందరి ఫోన్లలోనూ శ్రీహరికోట నుంచి ఒకటే గొంతు వస్తోంది. ఇంతలో ఆ గొంతు ఏదో చెప్పింది, జనం "అయ్యో" అన్నారు. లెక్క ఆపేశారట! ఎందుకో చెప్పలేదు, కాసేపు చూస్తామన్నారు.

నా మీద చెంగమ్మ ఒళ్లు బిగుసుకుపోవడం నాకు తెలిసింది.

"చూసినావా? చూసినావా అయ్యా? నేను చెప్తే విన్యావా? ఇంట్లో ఉంటానంటే నన్ను ఈడ్చుకొస్తివే! అంతమంది కష్టపడి చేసింది, నా పాడు కళ్లు పడి..." కొంగు లాగి ముఖం మొత్తం కప్పేసుకుంది.

కోపమొచ్చింది నాకు, ఆమె మీద కాదు, ఆ కళ్లని పాడు కళ్లు అనిపించిన మాట మీద. మునిరత్నం ముఖం పాలిపోయింది. ఇన్నాళ్లూ పడ్డ పాటు తన చేత్తో తనే చెడగొట్టుకున్నట్టు నిలబడ్డాడు. కాసేపటికి ఫోన్లలో గొంతు మళ్లీ హుషారుగా మాట్లాడింది. అంతా బాగుందట, లెక్క మళ్లీ మొదలట!

"తిప్పయ్యా!" కొంగు లోపలినుంచి చెంగమ్మ కేక. "ఒట్టేసినావు! ఊరి తట్టు తిప్పు! నా వల్ల మళ్లీ ఆగిపోతుంది, తిప్పు!"

మునిరత్నం నా వీపు పట్టుకుని తిప్పబోయాడు. నేను కదల్లేదు. బలం కొద్దీ లాగాడు. కదల్లేదు. ఇందులో నా గొప్పేం లేదు, పదహారు ఇడ్లీ గుంటలు పులికాట్ బురదని పీల్చి పట్టుకున్నాయి. కానీ నిజం చెప్తున్నాను, కదలగలిగినా కదిలేదాన్ని కాదు. బతుకంతా దిగబడినందుకే తిట్లు తిన్నాను. ఈ ఒక్కసారి దిగబడే ఉంటాననుకున్నాను.

"ఇది రావడం లేదే! కస్తూరమ్మా, ఓ చెయ్యెయ్!"

"నువ్వు దిగమే చెంగమ్మా, దిగితే లేస్తుంది!" అంది కస్తూరమ్మ.

"కళ్లు మూసుకుని ఈ బురదలో యాడికి దిగేది! తిప్పండి!"

ఇద్దరూ చెరోవైపు పట్టి "హైలెస్సా" అని లాగారు. చుట్టూ జనానికి ఇదేమీ పట్టలేదు, అందరి తలలూ ఫోన్లలోకి వంగి ఉన్నాయి. ఎక్కడో జరిగేదాన్ని చూడ్డానికి ఇంత దూరం వచ్చి, దాన్ని అరచేతిలో చూస్తున్నారు. బాల్కనీ సుహాస్ గుర్తొచ్చాడు. ఫోన్లలో గొంతు తీరుబడిగా లెక్క చదువుతోంది. ఫోన్లో మాట ఆలస్యంగా వస్తుందని వాళ్లెవరికీ గుర్తులేదు.

మునిరత్నం ఇంకొక్క ఊపు ఊపాడు. కాలు జారింది. "అమ్మా!" అని ఒక్క కేక పెట్టి నా ముందు బురదలో బోర్లా పడ్డాడు.

"ఏమైందయ్యా!" చెంగమ్మ కొంగు లాగి పారేసింది.

కళ్లు తెరిచింది. ఎదురుగా బురదలో మొగుడు. మొగుడి వెనక చెరువు. చెరువు వెనక సరుగుడు తోపుల మీద, ఒక వెలుగు. అసలు చప్పుడే లేదు. పొద్దుపొడుపు అంత వెలుగు, సాయంత్రం పూట, తూర్పున, తిన్నగా పైకి లేస్తోంది!

చెంగమ్మ నోరు తెరుచుకుంది. గొడుగు పిడి పట్టుకుని, మోకాళ్ల సంగతి మరిచిపోయి, నా మీదినుంచి సగం లేచి, ఆ చెరువు గట్టంతా దద్దరిల్లేలా అరిచింది.

"అదిగో! అదిగోనయ్యా! పోతుండాది! లేచింది! అదిగో!"

ఫోన్లలో ఇంకా అంకెలు చదువుతూనే ఉన్నారు. తలలన్నీ ఒక్కసారి పైకి లేచాయి. వందలమంది కేక! ఆ జనం మొత్తంలో ఆ రాకెట్టుని మొదట చూసిన కళ్లు మా చెంగమ్మవి. వింటున్నారా? మొదటి కళ్లు!

అప్పుడు ఆమెకి గుర్తొచ్చింది. "అయ్యో, నేను చూసేసినా!" అంది సన్నగా. కొంగు కోసం చెయ్యి కదిలింది. మధ్యలోనే ఆగింది. చూసేసింది కదా, ఇప్పుడు చూపు తిప్పుకుంటే ఏమవుతుందో! ఇక రెప్ప వేస్తే ఒట్టు. తన చూపే దాన్ని పైకి మోస్తున్నట్టు, మెడ నిక్కించి, కళ్లు నీళ్లు కారుతున్నా అలాగే చూసింది. మనుషుల భయాలు ఎంత తొందరగా తిరగబడతాయో! ఇందాక చూస్తే పడిపోతుందన్న మనిషే ఇప్పుడు చూడకపోతే పడిపోతుందంటోంది.

నిప్పు తోక మబ్బులోకి దూరి, మళ్లీ బయటికొచ్చింది. వెనక తెల్లటి పొగ దారి ఎండకి మెరిసింది. అప్పుడొచ్చిందండీ చప్పుడు! ముందు నేలలోంచి వచ్చింది, నా ప్లేట్లలోకి ఎక్కింది, గొట్టాల్లోంచి పాకి సాగే తాడును వణికించింది. ఆకాశం చిరుగుతున్నట్టు గడగడలాడింది. రాజహంసలన్నీ ఒక్కసారి లేచాయి. నా ఇడ్లీ ప్లేట్లు బురదలోనే గలగలమన్నాయి.

"ఇదే," అంది చెంగమ్మ. "నా గ్లాసులు మోగే చప్పుడు. ఇదేనయ్యా. ఇన్నేళ్లూ దీని ముఖం ఇట్టుంటుందని తెలీదే నాకు!"

రాకెట్టు కనుమరుగైంది. జనం సర్దుకుంటున్నారు. చెంగమ్మ కదల్లేదు. ఖాళీ ఆకాశంలో అది దూరిన చోటినే చూస్తూ కూర్చుంది. పని పూర్తయిందని ఎవరైనా చెప్పేదాకా ఆమెకు నమ్మకం లేదు. మునిరత్నం బురద కారుతూ ఆమె పక్కన నిలబడ్డాడు. కస్తూరమ్మ ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. ఆ కాసేపు నా మీద కొండంత బరువు. ఇసుక మూటలు దీని ముందు ఏపాటి?

"అయిందంట!" కస్తూరమ్మ గంతేసింది. "చప్పట్లు కొడతుండారు! చేరాల్సిన చోటికి చేరిందంట!"

చెంగమ్మ రెప్ప వేసింది. ఒంట్లో బిగువంతా వదిలి నా గుడ్డలోకి కుంగిపోయింది. ఏడ్చింది, మధ్యలో నవ్వింది, మొగుడి ముఖం మీది బురద కొంగుతో తుడిచింది. ఇన్నేళ్లూ లోపల పెట్టుకున్నది అప్పుడు కస్తూరమ్మని అడిగింది.

"నువ్వు గదా అన్నావు, నా కన్ను పడితే ఆగిపోతుందని."

"నేనా?" కస్తూరమ్మ శనక్కాయ నములుతూ ఆగింది. "ఎప్పుడే?"

"ఆ రోజు. క్యాంటీన్ కాడ. బయటికొస్తే లోపలికి పొమ్మన్నావు."

కస్తూరమ్మ ఇంకో కాయ ఒలిచింది. "నాకు గుర్తే లేదు మే," అంది. "బాణలి మాడిపోతుందని అనుంటా."

చెంగమ్మ ఆమె ముఖంలోకి మొదటిసారి సూటిగా చూసింది. తిడుతుందేమోనని నేను ఎదురుచూశాను. తిట్టాల్సిందే, నన్నడిగితే. ఆమె కస్తూరమ్మ చేతిలోని పొట్లం లాక్కుని, మిగిలిన శనక్కాయలన్నీ ఒళ్లో పోసుకుంది. "ఇన్నేళ్లూ నీకు వడలు పెట్టినా గదే!" అంది. ఇద్దరూ నవ్వు ఆపుకోలేకపోయారు. విసిరినవాళ్లకి గుర్తుండదు, తగిలినవాళ్లకి మానదు, మాటతో వచ్చిన చిక్కే అది. నా వంటి వస్తువులకు ఆ బాధ లేదు. మాకు తన్నులే.

నన్ను పెకలించడానికి నలుగురు కావాల్సి వచ్చింది. ప్లక్ ప్లక్ మని మూడు ప్లేట్లు ఊడొచ్చాయి. నాలుగోది రానంది. ఎంత తవ్వినా దొరకలేదు. పులికాట్ దాన్ని మింగేసింది. పుట్టింటి ప్లేటు పోయిందని చెంగమ్మ దారంతా సణిగింది, కానీ ఆ సణుగుడు పాటలా ఉంది. ఆ రాత్రి భోజనాల దగ్గర వెలుగు ఎలా లేచిందో మొగుడికి పదే పదే చెప్పింది, బురదలో బోర్లా పడినందున ఆయన ఆ మొదటి క్షణం చూడలేదు కదా!

ఇప్పుడు నా నివాసం వాళ్ల వీధి తలుపు వెనక మేకు. గుడ్డ కొంచెం వెలిసింది, గొట్టాల మీద గీతలు పడ్డాయి. సుహాస్ చూస్తే గుర్తుపట్టడు. నన్ను చేసినవాళ్లు చూస్తే, నీటి గొట్టాలు, గొడుగు పిడి, ఈ అవతారం ఏమిటని మూర్ఛపోతారు. నాకేం చింత లేదు. దుకాణంలో ఉన్నప్పుడు నాలాంటివి వరసగా వందున్నాయి. ఇప్పుడు నాలాంటిది నేనొక్కదాన్నే.

మొన్న మళ్లీ రాకెట్టు రోజు వచ్చింది. పొద్దున్నుంచీ నా గుడ్డ బిగుసుకునే ఉంది. మునిరత్నం ఇంకా చొక్కా వెతుక్కుంటూనే ఉన్నాడు. చెంగమ్మ మేకు మీదినుంచి నన్ను దించి, చెరువు గట్టుకు తానే ముందు నడిచింది. చోటు తానే చూసింది, మెత్తటి బురద ఏరి మరీ. టక్ టక్ టక్! మూడు ఇడ్లీ ప్లేట్లు తానే తొడిగింది. నాలుగో కాలికి ఏం పెడుతుందా అని చూస్తున్నాను. సంచిలోంచి కొత్త ప్లేటు తీసింది, దుకాణం కాగితం ఇంకా ఊడలేదు. అది కూడా తొడిగి, మీద కూర్చుని, రెండుసార్లు గట్టిగా అదిమింది.

వెనక రొప్పుతూ వచ్చిన మునిరత్నం అడిగాడు. "యా తట్టు తిప్పమంటావు మే?"

"తిప్పబాక," అంది చెంగమ్మ, తూర్పు మీదినుంచి చూపు తీయకుండానే. "బాగా దిగబడనీ."